ఒప్పుకోలు మేడం ఒప్పుకున్నారు

మనిషి కనిపెట్టినవాటిలో అన్నిటికన్నా గొప్పది ఏది అని అడిగితే మీరు చక్రం అంటారు. కరెంటు అంటారు. పెళ్ళయిన మగవాళ్ళు కొందరు వాషింగ్ మెషీన్ అంటారు. అందరూ పొరబడ్డారు. అన్నిటికన్నా గొప్పది విచారణ కమిటీ!

నవ్వకండి. నేను చాలా సీరియస్‌గా చెబుతున్నాను.

కమిటీలు లేని రోజుల్లో ఎక్కడైనా తప్పు జరిగితే ఏం చేసేవారు? ఎవరు చేశారో వెతికేవారు. ఎంత మోటు పద్ధతి! వెతికితే దొరుకుతారు. దొరికినవాడు మనకు కావలసినవాడు అయ్యుండచ్చు. టైము బాగోకపోతే అది మనమే కావచ్చు. ఇప్పుడా బెంగ లేదు. తప్పు గురించి ఎవరైనా అడిగితే కమిటీ వేశాం కదా అనచ్చు. కమిటీ గురించి అడిగితే రిపోర్టు రావాలి కదా అనచ్చు. రిపోర్టు వచ్చేసరికి అడిగినవాళ్ళు రిటైరై మనవల్ని ఆడించుకుంటూ ఉంటారు.

మా వదిన పాఠాలు చెప్పే యూనివర్సిటీలో ఈ సౌకర్యానికి ఏ లోటూ లేదు. లిఫ్ట్ ఆగిపోతే కమిటీ వేశారు. ఆ కమిటీ కూర్చోవలసింది ఐదో అంతస్తులో. లిఫ్ట్ లేదు గనక సభ్యులు పైకి వెళ్ళలేక వాయిదా వేశారు. లైబ్రరీలో పిల్లి ఈనితే దానికీ వేశారు. ఆ పిల్లి పుస్తకాల మధ్యకు ఎవరి అనుమతితో వచ్చిందో తేలేలోపు దాని పిల్లలు పెరిగి పెద్దవై ఎవరి దారిన అవి వెళ్ళిపోయాయి. చూశారా, సమస్య ఎంత గౌరవంగా పరిష్కారమైందో!

ఇక మా వదిన సంగతి చెప్పాలి. ఆవిడ అక్కడ ఫోరెన్సిక్ సైకాలజీ, లా కలిపి బోధిస్తుంది. నేరానికీ, మనసుకీ, చట్టానికీ ఉన్న చుట్టరికం ఏమిటో చెప్పే పాఠం అది. సైకాలజీ వాళ్ళు ఆవిడను లా మనిషి అనుకుంటారు. లా వాళ్ళు సైకాలజీ మనిషి అనుకుంటారు. అందువల్ల ఆవిడకు రెండు చోట్లా పని ఉంది, ఒక్క చోటా గది లేదు. పరీక్ష పేపర్లు దిద్దుకునేది విద్యార్థులు వాదనలు ప్రాక్టీసు చేసే నమూనా కోర్టు గదిలో, అదీ ముద్దాయి బోనులో కూర్చుని. గాలి బాగా తగిలేది అక్కడేనట.

ఆవిడ పాఠాలన్నిటిలోకీ పేరు పడ్డది ఒకటుంది. చెయ్యని నేరాన్ని మనిషి ఎందుకు ఒప్పుకుంటాడు అన్నది. ఈ పాఠం వల్లే పిల్లలు ఆవిడకు ఒప్పుకోలు మేడం అని పేరు పెట్టారు. సారాంశం నాకు కంఠతా వచ్చు, ఎందుకంటే పాఠం క్లాసులో చెప్పేముందు ఇంట్లో మామీద ప్రయోగిస్తుంది. మనిషిని కొట్టక్కర్లేదు, తిట్టక్కర్లేదు. ఒక గది, ఒక కుర్చీ, ఎదురుగా మంచిగా మాట్లాడే ఇద్దరు ముగ్గురు పెద్దమనుషులు, బయట మనకోసం ఎదురుచూసే పని ఒకటి ఉంటే చాలు. చదువుకున్నవాళ్ళు కూడా ఒప్పుకుంటారా మేడం అని ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడుగుతారు. వాళ్ళు ఇంకా తొందరగా ఒప్పుకుంటారు, వాళ్ళకు పనులెక్కువ అని ఆవిడ జవాబు. క్లాసంతా నవ్వుతుంది.

ఇంట్లో ఆవిడ ప్రశ్నలు వేయడం మొదలుపెడితే తట్టుకోవడం కష్టం. మా అన్నయ్య పెళ్ళయిన కొత్తలోనే ఈ ప్రమాదం పసిగట్టి, తెలీదు, గుర్తులేదు, లాయర్ని పిలవండి అనే మూడు మాటలతో సంసారం నెట్టుకొస్తున్నాడు.

ఇలా ఉండగా ఒకరోజు నమూనా కోర్టు గదిలో, జడ్జి వేదిక వెనకాల ఉన్న చిన్న గదిలో, ఎవరో స్విచ్ వేసి మరిచిపోయిన ఎలక్ట్రిక్ కెటిల్ మాడిపోయింది. పొగకు అలారం మోగింది. అలారం మోగగానే పైకప్పులోంచి నీళ్ళు చిమ్మాయి. సరిగ్గా ఆ సమయానికే రిజిస్ట్రార్‌గారు, యూనివర్సిటీకి ర్యాంకు ఇవ్వడానికి వచ్చిన తనిఖీ బృందాన్ని ఆ గదికి తీసుకొచ్చి, బృందం నాయకుణ్ణి జడ్జి కుర్చీలో కూర్చోబెట్టి ఫోటో తీయిస్తున్నారు. పాపం ఆ పెద్దాయన తడిసి ముద్దయ్యారు. ఫోటో మాత్రం చాలా బాగా వచ్చిందట.

ఇంకేముంది, కమిటీ పడింది. అధ్యక్షులుగా కెమిస్ట్రీ పెద్దాయన్ని వేశారు, నీళ్ళు ఆవిరి కావడం ఆయన సబ్జెక్టు గనక. రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి ఒక సూపరింటెండెంటూ, లా డిపార్ట్‌మెంట్ నుంచి ఒక ప్రొఫెసరూ సభ్యులు. కెటిల్ పక్కన ఒక కప్పు దొరికింది. అది మా వదినది. ఆ కప్పుతో డిపార్ట్‌మెంటులో సగం మంది టీ తాగుతారు. ఆ సమయానికి వదిన అవతలి భవనంలో పరీక్షల విభాగంలో ఉంది. ఈ రెండు సంగతులూ ఆవిడ కమిటీకి చెప్పింది. కమిటీ శ్రద్ధగా విని, మళ్ళీ మొదటినుంచి చెప్పమంది.

ఫోను బయట బల్లమీద పెట్టించారు. టీ ఇచ్చారు, బిస్కట్లిచ్చారు. అమ్మా, మీరంటే నాకెంతో గౌరవం అని అధ్యక్షులు మొదలుపెట్టారు. ముందు మంచి చేసుకోవడం, మొదటి మెట్టు అనుకుంది వదిన లోపల. మిమ్మల్ని అక్కడ చూసినవాళ్ళు ఉన్నారు, పేర్లు చెప్పకూడదు అన్నారు సూపరింటెండెంటు. లేని సాక్ష్యం చూపించడం, రెండో మెట్టు. కెటిలేగా మేడం, మా ఇంట్లో నేను రెండు మాడ్చాను అన్నారు లా ప్రొఫెసర్. నేరాన్ని చిన్నది చేసి చూపడం. ఎవరూ నేర్పకుండానే ముగ్గురూ ఇంత పద్ధతిగా చేస్తున్నందుకు ఆవిడకు ముచ్చట కూడా వేసిందట. పేపరు దిద్దినట్టు మనసులోనే మార్కులు వేస్తూ కూర్చుంది.

కానీ బయట టైమవుతోంది. వాళ్ళ పాప స్కూలు వదిలేస్తారు. అన్నయ్య ఆఫీసు పనిమీద ఊళ్ళో లేడు, నేను పత్రికాఫీసులో డ్యూటీలో ఉన్నాను. పాప గేటు దగ్గర నిలబడి ఉంటుంది. ఫోను ఇమ్మంటే, ఈ ప్రశ్న అయిపోగానే ఇస్తామన్నారు. ఆ ప్రశ్న ఎంతకీ అవలేదు. చివరికి అధ్యక్షులు తండ్రిలాంటి గొంతుతో చెప్పారు, ఒక్క సంతకం పెడితే ఇప్పుడే వెళ్ళిపోవచ్చని, ఒక చిన్న హెచ్చరిక తప్ప ఏమీ ఉండదని, సంగతి ఈ నాలుగు గోడలు దాటదని. పెట్టకపోతే రేపు కూడా రావలసి ఉంటుందని.

కెటిల్ నేనే పెట్టాను, మరిచిపోయాను, ఎవరి ఒత్తిడీ లేకుండా స్వచ్ఛందంగా రాసి ఇస్తున్నాను అని రాసి, సంతకం పెట్టి, మా వదిన స్కూలుకు పరుగెత్తింది.

అన్నయ్య వచ్చాక ఆవిడ ఈ సంగతంతా నవ్వుతూనే మొదలుపెట్టింది. అధ్యక్షులవారి గొంతు అనుకరించి చూపించింది. పాప కూడా నవ్వింది. అన్నయ్య మాత్రం అన్నం తినడం ఆపి, "నువ్వా?" అన్నాడు. ఆ ఒక్క మాటతో ఆవిడ నవ్వు ఆగిపోయింది.

"ఒక్కొక్కటీ తెలుస్తూనే ఉందండీ," అంది. "ఇప్పుడిది చేస్తారు, తరవాత అది చేస్తారు అని అన్నీ తెలుసు. అయినా పెట్టేశాను."

ఆవిడకు సిగ్గేసింది. నాకు మాత్రం కమిటీ మీద భక్తి రెట్టింపయింది. మీరే చెప్పండి, పోలీసులు నెలల తరబడి తిరిగినా దొరకని నేరస్తులు ఉన్నారు. ఇక్కడ టీ చల్లారేలోపు దొరికింది! అదీ నేరాల గురించి అందరికన్నా బాగా తెలిసిన మనిషి!

ఈ విజయంతో కమిటీకి ఊపొచ్చింది. ఒప్పుకున్నవాళ్ళు మళ్ళీ రానక్కర్లేదు అన్న మాట స్టాఫ్‌లో పాకింది. ఆ తరవాత పిలవడమే తరువాయి, వచ్చినవాళ్ళు వచ్చినట్టు ఒప్పుకోవడం మొదలుపెట్టారు. ప్రొజెక్టరు పగలగొట్టింది నేనే అని ఇంగ్లిష్ మేడం రాసిచ్చింది. ఆ పిల్లి నాదే అని లైబ్రేరియన్ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. లిఫ్ట్ ఆగిన నెలలో విదేశంలో ఉన్న హిస్టరీ లెక్చరర్ ఒకాయన, అక్కణ్ణుంచే ఆపానని ఈమెయిల్ పంపాడు. ఆ ఏడాది యూనివర్సిటీలో తేలని నేరమంటూ లేదు. నాలుగు గోడలు దాటవన్న ఆ ఒప్పుకోళ్ళన్నిటినీ పారదర్శకత పేరుతో వెబ్‌సైట్‌లో, మా విజయాలు అన్న శీర్షిక కింద పెట్టారు.

అక్కడితో ఆగితే ఈ కమిటీని పొగిడి నేను కూడా సెలవు తీసుకునేవాణ్ణి.

ఆ రోజుల్లోనే ఒక గోడౌన్ కాపలాదారు కేసు నడుస్తోంది. బట్టల గోడౌన్ ఒకటి తగలబడింది. కంపెనీవాళ్ళు తమ సొంత విచారణ బృందాన్ని పెట్టుకున్నారు. ఇద్దరు పెద్దమనుషులు ఆ కాపలాదారుని ఆఫీసు గదిలో రెండు రోజులు కూర్చోబెట్టి మాట్లాడారు. తాగిన సిగరెట్టు నేనే పారేశాను అని ఆయన సంతకం పెట్టాడు. ఆ మనిషికి సిగరెట్టు అలవాటే లేదు. ఆ ముక్క ఆయన భార్య కోర్టులో చెబితే, మొగుళ్ళు చేసేవన్నీ పెళ్ళాలకు తెలుస్తాయా అని ప్రాసిక్యూటర్ అడిగాడు. అందరూ నవ్వారు. బెయిలు రాక ఏడాదిగా జైల్లోనే ఉన్నాడు. ఆ సంతకం తప్ప ఆయన మీద వేరే ఆధారం లేదు, ఆ సంతకం ఒక్కటే చాలేట్టు ఉంది.

ఆయన తరఫు లాయరు ఒకప్పుడు మా వదిన దగ్గర చదువుకున్న అమ్మాయి. చెయ్యనిది కూడా మనుషులు ఒప్పుకుంటారని కోర్టుకు వచ్చి చెప్పమని అడిగింది. ఇంతకాలం బోర్డుమీద రాసిన పాఠం ఒక మనిషికి పనికొస్తుందంటే వదిన వెంటనే సరేనంది.

ఆ కబురు తెలిసి రిజిస్ట్రార్‌గారు పిలిపించారు. కుర్చీ వేయించారు, టీ తెప్పించారు. ఆ టీ చూడగానే వదినకు సంగతి అర్థమైంది. ఆవిడ ప్రమోషన్ ఫైలు తమ బల్లమీదే ఉందని ఆయన చెప్పారు. కోర్టులో ఎవరైనా కెటిల్ మాట ఎత్తచ్చని కూడా చెప్పారు. కమిటీకి అబద్ధం రాసిచ్చారని తేలితే అది ఉద్యోగానికే ప్రమాదమని గుర్తుచేశారు.

"కాబట్టి నిజమే చెప్పండమ్మా," అన్నారు రిజిస్ట్రార్. "అంటే మనం రాసిందే చెప్పండి."

ఇంట్లో పెద్ద చర్చ జరిగింది. తనకు ఒంట్లో బాగాలేదని ఆ లాయరమ్మాయికి కబురు పెట్టమన్నాడు అన్నయ్య. ఆవిడ నా వైపు తిరిగి, "నువ్వయితే ఏం చేస్తావయ్యా?" అని అడిగింది. దీనిమీద ఒక కమిటీ వేస్తానన్నాను. ఎప్పుడూ నా జోకులకు నవ్వే మనిషి ఆ రోజు నవ్వలేదు.

కోర్టుకు నేను కూడా వెళ్ళాను. ఆ కాపలాదారు నలభై దాటని మనిషి, ముడతలు పోయేలా చేత్తో సాపు చేసుకున్న చొక్కా వేసుకుని బోనులో నిలబడ్డాడు. ఆయన భార్య వెనక బెంచీ చివర కూర్చుంది. వదిన తన పాఠం చక్కగా చెప్పింది. జడ్జిగారు రాసుకున్నారు. అప్పుడు ప్రాసిక్యూటర్ లేచి, యూనివర్సిటీ వెబ్‌సైట్ నుంచి తీసిన కాగితం ఒకటి ఆవిడ చేతికిచ్చాడు. చాలా మర్యాదగా అడిగాడు.

"మిమ్మల్ని ఆ గదిలో ఎవరైనా కొట్టారా మేడం?"

"లేదు. టీ ఇచ్చారు."

"ఈ సంతకం మీదేనా?"

"నాదే."

"మరి ఇందులో మీరు రాసింది నిజమా, అబద్ధమా?"

చూడండి ఎంత అందమైన ప్రశ్నో! నిజం అంటే, మీలాంటివాళ్ళు చేసినవే ఒప్పుకుంటారు, ఇతనూ అంతే అంటాడు. అబద్ధం అంటే, అబద్ధాలు రాసిచ్చే మనిషి మాట ఎలా నమ్మమంటారు అంటాడు, పైగా ఉద్యోగం గాల్లో దీపం అవుతుంది. వదిన కాగితం వైపు చూసింది. బోను వైపు చూసింది. టీ కెటిలుకూ తనకూ ఏమిటి సంబంధమో ఆ కాపలాదారుకు ఏమీ అర్థం కావడం లేదు. ఆవిడ నోరు తెరవడం కోసం మాత్రం ఎదురుచూస్తున్నాడు.

"అబద్ధం," అంది వదిన. "నన్ను కూర్చోబెట్టింది ఒక్క మధ్యాహ్నం. నాకు ఉద్యోగం ఉంది, అడిగేవాళ్ళున్నారు. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళని ఏమేం చేస్తారో ఏళ్ళ తరబడి నేనే పాఠం చెబుతున్నాను. అయినా పెట్టాను. ఆయన్ని రెండు రోజులు కూర్చోబెట్టారు. ఆయనకి ఎవరూ పాఠం చెప్పలేదు."

ప్రాసిక్యూటర్ ఇంకా చాలా అడిగాడు. ఆవిడ అన్నిటికీ జవాబు చెప్పింది. మాట మార్చలేదు. ఆ సంతకాన్ని నమ్మి మనిషిని జైల్లో ఉంచలేనని, ఆయన నిర్దోషి అని జడ్జిగారు కొద్ది రోజులకే తీర్పు చెప్పారు. కాపలాదారు ఇంటికి వెళ్ళాడు.

యూనివర్సిటీ ఊరుకుంటుందా? తప్పుడు ఒప్పుకోలు మీద విచారణ కమిటీ వేసింది. మళ్ళీ ఆ ముగ్గురే. అనుభవజ్ఞులు కదా! కెటిల్ మీరు పెట్టలేదని రుజువు చెయ్యండి అన్నారు. అప్పుడు అబద్ధం చెప్పారా, ఇప్పుడు చెబుతున్నారా అన్నారు.

ఈసారి పాపను స్కూలు నుంచి తీసుకొచ్చే పని నాకు అప్పగించి వెళ్ళింది వదిన. ఫోను బయట పెట్టమంటే బ్యాగులో పెట్టుకుంది. పరీక్ష పేపర్ల కట్ట బల్లమీద పెట్టి, ప్రశ్నకూ ప్రశ్నకూ మధ్య దిద్దుకుంటూ కూర్చుంది. అడిగినదానికల్లా ఒకే జవాబు చెప్పింది. మళ్ళీ అడిగితే మళ్ళీ చెప్పింది. ఆవిడకు ఎక్కడికీ తొందర లేదు. తొందరంతా వాళ్ళకే వచ్చింది. అధ్యక్షులు షుగరు మాత్ర వేసుకునే టైము దాటిపోయింది. సూపరింటెండెంటు బస్సు వెళ్ళిపోతోంది. లా ప్రొఫెసర్ ఇంట్లో చుట్టాలున్నారు.

"ఇంతకీ ఏం రాయమంటారమ్మా?" అన్నారు అధ్యక్షులు నీరసంగా.

"జరిగింది రాయండి సార్."

"జరిగింది మాకెలా తెలుస్తుంది? మమ్మల్ని విచారించమన్నారు గానీ, తెలుసుకోమనలేదు కదా."

కెటిల్ తనంతట తానే మాడినట్టు, మేడంకు దానితో ఏ సంబంధమూ లేనట్టు రాసి, ముగ్గురూ గబగబా సంతకాలు పెట్టి ఇళ్ళకు వెళ్ళిపోయారు. అది నిజమని నమ్మి పెట్టారా అని నన్నడక్కండి. ప్రమోషన్ ఫైలు మాత్రం రిజిస్ట్రార్‌గారి బల్లమీదే ఉంది, మరింత కిందికి దిగి.

చూశారా? కమిటీ ఎంత గొప్పదో ఇప్పటికైనా ఒప్పుకుంటారా? ఆ మాటే వదినతో అన్నాను. ఆవిడ నావైపు అదోలా చూసింది.

కిందటి నెల ఆ కాపలాదారూ భార్యా యూనివర్సిటీకి వచ్చారట. దణ్ణం పెట్టబోతే వదిన వద్దంది. గోడౌన్‌లో ఆయన ఉద్యోగం పోయింది. వేరేచోట అడిగితే, జైలుకు వెళ్ళొచ్చావు కదా అంటున్నారట. ఆయన చేత సంతకం పెట్టించిన పెద్దమనుషులిద్దరూ అదే కంపెనీలో అవే కుర్చీల్లో ఉన్నారు. వాళ్ళని ఎవరు అడుగుతారు మేడం, అని ఆయన అడిగాడు. కోపంగా కూడా కాదట, మామూలుగానే అడిగాడట.

"నువ్వు కమిటీలు గొప్పవని పేపర్లో రాస్తావుగా," అంది వదిన. "ఆ ఇద్దరిమీదా ఒకటి వేయించవయ్యా."

ఇంతకాలం కమిటీల ఘనత చాటినవాణ్ణి, కాదనలేక బయలుదేరాను. కంపెనీకి రాశాను. కార్మిక శాఖకు రాశాను. పోలీసు పెద్దల్ని కలిశాను. ఇంత చిన్న పనికి ఇన్ని చోట్ల తిరగవలసి వస్తుందని నేననుకోలేదు. చాలామంది జవాబే ఇవ్వలేదు. కంపెనీ నుంచి మాత్రం ఒక ఉత్తరం వచ్చింది, చాలా మర్యాదగా. సదరు వ్యక్తి నిర్దోషి అని కోర్టే తేల్చింది కనక, ఈ వ్యవహారంలో దోషులంటూ ఎవరూ లేరని, అందువల్ల విచారించవలసింది ఏమీ లేదని రాశారు.

వదిన ఆ ఉత్తరం చదివి మడిచి నాకే ఇచ్చేసింది. రేపు ఆయన మళ్ళీ వస్తాడట. ఏం చెప్పమంటావని అడిగింది. నాకు తెలియడం లేదు. మీకు తెలిస్తే చెప్పండి.